భోగి పొద్దున వచ్చిన సిగ్నల్ ఏమైంది?

2020 జనవరి 14, మంగళవారం, భోగి. విజయవాడ, గుంటూరు వీధుల్లో తెల్లవారుజామున వేసిన మంటలు చల్లారి, పిల్లలు తలంట్లకు సిద్ధమవుతున్న వేళ. మన గడియారంలో 7 గంటల 38 నిమిషాలకు అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఉన్న రెండు లైగో డిటెక్టర్లలోనూ, ఇటలీలోని విర్గోలోనూ ఒక చిన్న కదలిక నమోదైంది. గురుత్వ తరంగాలను, అంటే భారీ వస్తువుల కదలికలకు స్థలకాలంలో పుట్టే అలలను, పట్టే పరికరాలివి. సెకనులో చిన్న ముక్కంత సేపే. కంప్యూటర్లు దాన్ని పట్టుకున్నాయి, ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలకు అలర్ట్ వెళ్ళింది. అంతకు ముందు వచ్చిన అలర్టుల్లో చాలావాటిలో రెండు కృష్ణబిలాలు కలిశాయనో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పేలిన నక్షత్రాల దట్టమైన శేషాలు) ఢీకొన్నాయనో ఉండేది. ఇందులో మాత్రం ‘బరస్ట్’ అని రాసి ఉంది. ఏదో చప్పుడైంది, ఎవరు చేశారో తెలియదు అని దాని అర్థం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆర్ద్రా నక్షత్రం (బీటెల్‌జ్యూస్) మసకబారుతోంది. 2019 చివర్లో మొదలైన ఆ మార్పు చూసి, అది పేలిపోబోతోందేమోనని ప్రపంచమంతా మాట్లాడుకుంటోంది. అలర్ట్ చూపించిన ఆకాశ భాగం ఆర్ద్రకు దగ్గర్లోనే ఉంది. కొన్ని గంటలు నిజంగానే టెన్షన్. ఆర్ద్ర ఆ భాగానికి బయటే ఉందని జాగ్రత్తగా చూసినవాళ్ళకు అర్థమైంది. ఆ సాయంత్రం తూర్పు వైపు చూస్తే నక్షత్రం ఉన్నచోటే ఎర్రగా, కాస్త మసగ్గా ఉంది. అది తానే వెదజల్లిన ధూళి వెనక దాగిందని తర్వాత తేలింది.

మరి ఆ సిగ్నల్ ఏమిటి? దీనికి జవాబు చెప్పాలంటే, ఏం వెతుకుతున్నామో తెలియకుండా ఎలా వెతుకుతారో ముందు చూడాలి.

కృష్ణా పుష్కరాల్లో పిల్లవాడు తప్పిపోతే మైకులో ఆనవాళ్ళు చెబుతారు. ఆరేళ్ళు, ఎర్ర చొక్కా, పేరు ఫలానా. ఆనవాళ్ళు తెలిస్తే ఘాట్ల మీద ఎంత జనం ఉన్నా వెతకొచ్చు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసిపోయే కృష్ణబిలాల విషయంలో ఐన్‌స్టీన్ సమీకరణాలు అలాంటి ఆనవాళ్ళే ఇస్తాయి. ఇంత బరువున్న జంట అయితే తరంగం ఇలా ఉంటుందని ముందే లెక్క కట్టవచ్చు. లైగో 2015లో మొదటి విడత పరిశీలనలకు అలాంటి నమూనాలు సుమారు రెండున్నర లక్షలు సిద్ధం చేసుకుంది. ఒక్కొక్క నమూనానూ డేటా మీద పెట్టి సరిపోయిందా అని చూస్తారు. ఈ పద్ధతికి 1990ల మొదట్లోనే పునాది వేసినవారిలో మన దేశానికి చెందిన సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ ఉన్నారు.

ఆనవాళ్ళు లేని సంగతి వేరు. ఒక పెద్ద నక్షత్రం నడిమి భాగం కూలి సూపర్‌నోవాగా పేలినప్పుడు లోపల పదార్థం మరుగుతున్న ఎసరులా కల్లోలంగా కదులుతుంది. సూపర్ కంప్యూటర్లలో ఆ పేలుడును మళ్ళీ మళ్ళీ సృష్టించి చూస్తే, వచ్చే తరంగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అయస్కాంత శక్తితో నిండిన న్యూట్రాన్ నక్షత్రాల మీద ఉన్నట్టుండి వచ్చే విస్ఫోటనాలు, పల్సార్లు అనే గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాల వేగంలో హఠాత్తుగా వచ్చే మార్పులు, విశ్వం తొలినాళ్ళలో పుట్టి ఉండవచ్చని ఊహించే సన్నని పోగులైన, అసలు ఉన్నాయో లేవో తెలియని కాస్మిక్ స్ట్రింగులు కూడా ఈ వెతుకులాటలోకే వస్తాయి. ఎవరూ ఊహించనిది ఏదైనా వస్తే అదీ ఇందులోనే దొరకాలి. ఈ రంగం మీద అంత ఆశ పెట్టుకోవడానికి ఆ చివరి మాటే కారణం. తెలిసినవాటి జాబితాతో మాత్రమే వెతికితే తెలియనిది ఎప్పటికీ చేతికి రాదు.

డిటెక్టర్ ఇచ్చేది ఒకే ఒక్క గీత. లైగోలో 4 కిలోమీటర్ల పొడవున్న రెండు చేతులు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. లేజర్ కాంతి వాటి చివర్లలో ఉన్న 40 కిలోల అద్దాలకు తగిలి తిరిగి వస్తుంది. గురుత్వ తరంగం దాటిపోతే ఒక చెయ్యి పిసరంత సాగుతుంది, మరొకటి పిసరంత కుంచించుకుపోతుంది. మొట్టమొదట దొరికిన సిగ్నల్‌లో ఆ మార్పు ప్రోటాన్ వెడల్పులో సుమారు 400వ వంతు. సెకనుకు 16 వేలకు పైగా సార్లు ఆ తేడాను కొలిచి రాసుకుంటారు. ఇంత సున్నితమైన పరికరానికి చుట్టుపక్కల జరిగేవన్నీ వినిపిస్తాయి. సముద్రపు అలలు తీరాన్ని కొట్టడం, గాలి, లారీలు, లివింగ్‌స్టన్ డిటెక్టర్‌కు కొద్ది దూరంలో పోయే గూడ్సు రైళ్ళు, అన్నీ. పగలూ రాత్రీ రైళ్ళు ఆగని విజయవాడ జంక్షన్ దగ్గర ఇలాంటిది పెట్టడం ఊహకు కూడా అందదు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా దగ్గర లైగో-ఇండియాకు చోటు ఎంచుకోవడానికి అక్కడి నేల ప్రశాంతంగా ఉండటం ఒక ముఖ్య కారణం.

కాబట్టి మొదటి పని, ఎప్పుడూ ఉండే మోతను పక్కకు నెట్టడం. కరెంటు లైన్ల మోత అమెరికాలో 60 హెర్ట్జ్ దగ్గర, మన దగ్గరా ఇటలీలోనూ 50 దగ్గర ఉంటుంది. అద్దాలను వేలాడదీసిన గాజు తీగలు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల వయొలిన్ తీగల్లా మోగుతూ ఉంటాయి. కచేరీలో కూర్చున్నవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. తంబుర మోగుతూనే ఉంటుంది, కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు మృదంగం మీద చిన్న దెబ్బ పడినా టక్కున తెలుస్తుంది. డేటాకు చేసేదీ అదే. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర మోత ఎక్కువో దాన్ని అంతగా తగ్గించి అంతా సమం చేస్తారు. ఆ తర్వాత అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ ఉన్న గళ్ళ పటం గీస్తారు. మామూలు కన్నా ఎక్కువ శక్తి ఉన్న గడి వెలుగుతుంది. వెలిగిన గళ్ళు పక్కపక్కన చేరి గుంపుగా కనిపిస్తే, అక్కడేదో జరిగిందన్నమాట.

ఇందులో ఒక చిక్కుంది. చాలా తక్కువ సేపు వింటే దెబ్బ ఎప్పుడు పడిందో కచ్చితంగా తెలుస్తుంది గానీ ఏ శ్రుతిలో పడిందో తెలియదు. ఎక్కువ సేపు వింటే శ్రుతి తెలుస్తుంది, సమయం చెదిరిపోతుంది. రెండూ ఒకేసారి కచ్చితంగా రావు. అందుకే ఒకే డేటాకు పొట్టి గళ్ళతో, పొడుగు గళ్ళతో ఎన్నో పటాలు గీసి, సిగ్నల్ ఎందులో తక్కువ గళ్ళలో ఇమిడితే దాన్ని తీసుకుంటారు. వేవ్‌లెట్లు అనే గణిత సాధనం వాడేది ఇందుకే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సెర్గెయ్ క్లిమెంకో బృందం రూపొందించిన ‘కోహరెంట్ వేవ్‌బరస్ట్’ అనే ప్రోగ్రామ్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. భోగి నాటి అలర్ట్ పంపింది కూడా అదే.

వెలిగిన ప్రతి గుంపూ ఆకాశం నుంచి వచ్చిందైతే ఎంత బాగుండేదో. కానీ డిటెక్టర్లలో ‘గ్లిచ్’లు, అంటే ఆకాశంతో సంబంధం లేకుండా అక్కడికక్కడే పుట్టే మోతలు, ఉంటాయి. కొన్నిటికి కారణం తెలుసు. 2017 వేసవిలో హాన్‌ఫర్డ్‌లో వింత మోతలు వస్తుంటే వెతగ్గా వెతగ్గా, ఆవరణలోని పైపుల మీద పేరుకున్న మంచును బొంతకాకులు దాహానికి పొడుస్తున్నాయని తేలింది. చెదిరిన కాంతి వల్ల పటం మీద ఆర్చీల్లాంటి గీతలు వస్తాయి. చేప ఆకారంలో ఉండేవాటికి ‘కోయి ఫిష్’ అని, స్కాండినేవియా కథల్లోని టోపీ మరుగుజ్జును తలపించేవాటికి ‘టోమ్‌టే’ అని పేర్లు పెట్టుకున్నారు. 2016లో మొదలైన ‘గ్రావిటీ స్పై’లో ఇలాంటి బొమ్మలను మామూలు జనమే చూసి వేరు చేస్తారు. ఇంటర్నెట్ ఉంటే చాలు, గుంటూరులో ఇంటర్ చదివే పిల్లలు కూడా చెయ్యగల పని.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి ‘బ్లిప్’లు. సెకనులో వందో వంతు సేపు వచ్చి పోతాయి. వాటిలో చాలావాటికి కారణం ఏమిటో ఇంకా తేలలేదు. చూడ్డానికి బరువైన కృష్ణబిలాల సిగ్నల్ లాగే ఉంటాయి.

గ్లిచ్ వచ్చినంత మాత్రాన నిజమైన సిగ్నల్ లేదని కూడా అనలేం. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల తరంగం వస్తుండగా, అవి కలిసే క్షణానికి సుమారు ఒక సెకను ముందు లివింగ్‌స్టన్‌లో పెద్ద గ్లిచ్ పడింది. ఆటోమేటిక్ ప్రోగ్రామ్ ఆ డేటాను పక్కన పెట్టేసింది. మనుషులు పటం గీసి చూస్తే, గ్లిచ్ వెనక పైకి వంపు తిరిగిన సన్నని గీత కంటికే కనిపించింది. ఆధునిక ఖగోళ శాస్త్రంలో అతి పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి అది.

ఇక్కడ రెండో డిటెక్టర్ సాక్షిగా నిలబడుతుంది. హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌ల మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. గురుత్వ తరంగం కాంతి వేగంతో పోతుంది కాబట్టి రెండు చోట్లకూ చేరడంలో తేడా 10 మిల్లీ సెకన్లకు మించదు. హాన్‌ఫర్డ్ పైపును పొడిచే కాకి లివింగ్‌స్టన్‌ను కదిలించలేదు. అందుకని ఒకచోట మాత్రమే వచ్చినవన్నీ కొట్టెయ్యవచ్చు. ఇంతటితో సమస్య తీరిపోయిందనిపిస్తుంది. తీరలేదని చిన్న లెక్క చెబుతుంది. 2019-20 నాటి మూడో విడతలో లివింగ్‌స్టన్‌లో నిమిషానికి సుమారు ఒక గ్లిచ్, హాన్‌ఫర్డ్‌లో మూడు నిమిషాల ఇరవై సెకన్లకు సుమారు ఒకటి వచ్చాయి. అంటే రోజుకు లివింగ్‌స్టన్‌లో 1,440, హాన్‌ఫర్డ్‌లో 430కి పైగా. ఒక హాన్‌ఫర్డ్ గ్లిచ్‌కు ముందు 10, తర్వాత 10 మిల్లీ సెకన్లలో లివింగ్‌స్టన్ గ్లిచ్ కాకతాళీయంగా పడే అవకాశం సుమారు మూడు వేలలో ఒకటి. 430 సార్లు ప్రయత్నిస్తే? ఏడు రోజులకు ఒకసారి ఎలాగూ పడుతుంది. ఏడాదికి యాభై దొంగ సిగ్నళ్ళు. ‘రెండు చోట్లా వచ్చింది’ అన్న మాట ఒక్కటే దేనికీ రుజువు కాదు.

ఆ కాకతాళీయం ఎంత తరచుగా జరుగుతుందో కొలవడానికి వాడే ఉపాయం చాలా అందంగా ఉంటుంది. విజయవాడలోనూ గుంటూరులోనూ ఒకే నిమిషంలో కరెంటు పోయిందనుకోండి. గాలివాన వల్ల రెండూ కలిసి పోయాయా, విడివిడి కారణాలతో అనుకోకుండా ఒకేసారి పోయాయా? విజయవాడ సోమవారం కరెంటు లెక్కను గుంటూరు మంగళవారం లెక్క పక్కన పెట్టి చూడండి. అందులో కూడా ‘ఒకే నిమిషం’ అన్నవి కొన్ని దొరుకుతాయి. అవన్నీ కచ్చితంగా కాకతాళీయాలే, ఎందుకంటే సోమవారం గాలివాన మంగళవారం తీగలు తెంచదు. బుధవారంతో, గురువారంతో మళ్ళీ చూడండి. అనుకోకుండా కలవడం మామూలుగా ఎన్నిసార్లు జరుగుతుందో తేలిపోతుంది.

లైగోలో ఒక డిటెక్టర్ డేటాను 10 మిల్లీ సెకన్ల కన్నా బాగా ఎక్కువ జరిపి మళ్ళీ అదే వెతుకులాట నడుపుతారు. అందులో దొరికేదేదీ ఆకాశం నుంచి వచ్చింది కాదు. 16 రోజుల డేటాను వెయ్యి రకాలుగా జరిపితే దాదాపు 44 ఏళ్ళ దొంగ డేటా చేతికి వస్తుంది. ఇంకా ఇంకా జరిపి వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు తయారు చేస్తారు. ‘ఇలాంటిది పొరపాటున ఇన్ని వేల ఏళ్ళకు ఒకసారి వస్తుంది’ అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఈ రంగం తొలి రోజుల్లోనే చూసింది. 1969లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ వెబర్, రెండు చోట్ల పెట్టిన అల్యూమినియం దిమ్మెలు ఒకేసారి కంపించాయని, గురుత్వ తరంగాలు దొరికాయని ప్రకటించాడు. మిగతావాళ్ళు అలాంటి దిమ్మెలే కట్టి చూశారు, వాళ్ళకేమీ దొరకలేదు. తర్వాత రోచెస్టర్‌లో ఉన్న డిటెక్టర్‌తోనూ తన డేటా కలుస్తోందని వెబర్ చెప్పాడు. అయితే రెండు టేపుల మీద రాసిన సమయాలు వేర్వేరు గడియారాలవి, వాటి మధ్య నాలుగు గంటల తేడా ఉంది. అంటే తెలియకుండానే డేటాను నాలుగు గంటలు జరిపి పోల్చినట్టయింది. అందులో కూడా ‘సిగ్నళ్ళు’ దొరికాయంటే లోపం వెతికే పద్ధతిలోనే ఉందన్నమాట. వెబర్‌ను తేలిగ్గా చూడటం తప్పు. ఈ వెతుకులాట సాధ్యమేనని నమ్మి చేతులతో పరికరం కట్టిన తొలి మనిషి ఆయన. రెండు డిటెక్టర్లు కావాలన్నదీ, కాలాన్ని జరిపి చూడాలన్నదీ ఆయన వాడిన పద్ధతులే.

సమయం కలిస్తే చాలదు కాబట్టి రూపం కూడా కలవాలి. నిజమైన తరంగమైతే అన్ని డిటెక్టర్లూ చూసింది ఒకే తరంగం. ఆకాశంలో ఒక దిక్కును ఊహించుకుంటే, ఆ దిక్కు నుంచి వచ్చిన తరంగం ఎక్కడ ఎప్పుడు చేరాలో, ఎక్కడ ఎంత బలంగా ఉండాలో లెక్క తేలుతుంది. ఆ ప్రకారం డేటాలను జరిపి కలుపుతారు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని తీసేశాక ఏమీ మిగలకపోతే అది నిజం కావచ్చు. చాలా మిగిలిపోతే అక్కడ ఎవరి గోల వారిదే. ఆకాశమంతా ఒక్కో దిక్కునే పట్టి ఇలా చూస్తారు. కోహరెంట్ వేవ్‌బరస్ట్ పేరులోని మొదటి మాట ఈ పొందికను గురించే.

2015 సెప్టెంబర్ 14న, వినాయక చవితికి మూడు రోజుల ముందు, మన మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు మొట్టమొదటి సిగ్నల్ వచ్చింది. లివింగ్‌స్టన్‌కు ముందు, సుమారు 7 మిల్లీ సెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌కు. ఒకదాన్ని తలకిందులు చేసి 7 మిల్లీ సెకన్లు జరిపితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాన్ని మొదట పట్టుకున్నది నమూనాలతో వెతికే ప్రోగ్రామ్ కాదు, ఏ ఆనవాళ్ళూ లేకుండా వెతికే ఈ బరస్ట్ ప్రోగ్రామే, అదీ మూడు నిమిషాల్లో. జర్మనీలోని హనోవర్‌లో పనిచేస్తున్న మార్కో డ్రాగో ఆ మెసేజ్ చూసి, ఎవరైనా పరీక్ష కోసం దొంగ సిగ్నల్ పెట్టారేమో అనుకున్నాడు.

ఆ అనుమానానికి ఆధారం ఉంది. 2010 సెప్టెంబర్‌లో ఇలాగే ఒక బలమైన సిగ్నల్ వచ్చింది. దాని మీద నెలల తరబడి పనిచేసి పరిశోధన పత్రం కూడా సిద్ధం చేసుకున్నారు. 2011 మార్చిలో, అసలు సంగతి రాసి మూసిపెట్టిన కవరు తెరిచి చూస్తే అది బృందాన్ని పరీక్షించడానికి కొద్దిమంది రహస్యంగా చొప్పించినదని తెలిసింది. వందల మంది శ్రమ వృథా అయిందని అనిపించవచ్చు గానీ, 2015లో నిజమైనది వచ్చేసరికి ఏ ప్రశ్నలు వేసుకోవాలో వాళ్ళకు కంఠతా వచ్చి ఉంది.

ఈ పద్ధతి విలువ తెలిపే మరో రోజు 2019 మే 21. సెకనులో పదో వంతు, నాలుగు ఊపులు, అంతే. సూర్యుడికి 85 రెట్లు, 66 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసి 142 రెట్ల కృష్ణబిలం పుట్టిందని లెక్క తేలింది. అంత పొట్టి సిగ్నల్‌లో నమూనాకు పట్టు దొరకడం కష్టం. బరస్ట్ ప్రోగ్రామ్ మాత్రం అలాంటిది పొరపాటున 4,900 ఏళ్ళకు ఒకసారే వస్తుందని గట్టిగా చెప్పింది. న్యూట్రాన్ నక్షత్రాల జంట విషయంలో ఇది తిరగబడుతుంది. వాటి శక్తి నిమిషానికి పైగా పలచగా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఏ గడీ ప్రకాశవంతంగా వెలగదు, నమూనాయే నెగ్గుతుంది.

సూపర్‌నోవా మాత్రం ఇంకా దొరకలేదు. కృష్ణబిలాల జంట కాని మూలం నుంచి ఒక్క బరస్ట్ కూడా ఇప్పటివరకు ధ్రువపడలేదు. 2015 నాటి విలీనంలో సూర్యుడికి మూడు రెట్ల ద్రవ్యరాశి తరంగాలుగా మారింది. మామూలు సూపర్‌నోవాలో ఆ భాగం సూర్యుడి ద్రవ్యరాశిలో కోటి వంతు కూడా ఉండదని అంచనా. అందుకే మన పాలపుంతలో పేలితేనే వినిపించే ఆశ ఉంది, అలాంటివి శతాబ్దానికి రెండో మూడో. మన పాలపుంతలో కంటితో చూసి నమోదు చేసిన చివరిది 1604 నాటిది. 1987లో పక్కనున్న చిన్న గెలాక్సీలో ఒకటి పేలినప్పుడు న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు రెండు డజన్ల దాకా దొరికాయి గానీ, అప్పటికి లైగో లేదు. సునామీ మన తీరాన్ని ముంచెత్తిన రెండు రోజులకు, 2004 డిసెంబర్ 28 తెల్లవారుజామున మన కాలమానంలో 3 గంటలకు ఒక న్యూట్రాన్ నక్షత్రం మీది మహా విస్ఫోటనం నుంచి గామా కిరణాలు భూమిని తాకాయి. హాన్‌ఫర్డ్ డేటాలో వెతికితే ఏమీ లేదు. అయినా ‘ఇంతకన్నా ఎక్కువ శక్తి తరంగాలుగా రాలేదు’ అని హద్దు గీయగలిగారు. ఖాళీగా తేలిన వెతుకులాటకు కూడా ఆ విలువ ఉంది.

ఇక భోగి సిగ్నల్. అలర్ట్ సమయంలో దాని పొరపాటు లెక్క సుమారు పాతికేళ్ళకు ఒకసారి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ మూడో విడత ఏడాది పాటు సాగింది. పాతికేళ్ళకోసారి వచ్చేది ఒక ఏడాదిలో తగలడానికి నూటికి నాలుగు వంతుల అవకాశం ఉంది. ఒకే డేటాను పలు రకాలుగా వెతుకుతున్నప్పుడు ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. తర్వాత తీరిగ్గా విశ్లేషించినప్పుడు బరువైన కృష్ణబిలాల నమూనాలతో పోల్చి చూశారు, వేర్వేరు నమూనాలు పొసగని జవాబులిచ్చాయి. పటం మీద దాని ఆకారం టోమ్‌టే గ్లిచ్‌లను పోలి ఉంది. ధ్రువపడిన సిగ్నళ్ళ జాబితాలో దానికి చోటు దక్కలేదు.

ఇది కఠినంగా అనిపించినా సరైన నిర్ణయమే. మూడు డిటెక్టర్లలో కనిపించినదాన్ని వదులుకోవడం ఎవరికైనా బాధే. కానీ నమూనా లేని వెతుకులాటకు అనుమానం తప్ప వేరే కాపలా లేదు. డిటెక్టర్లు పెరిగితే ఆ కాపలా బలపడుతుంది. రెండు లైగోల చేతులు దాదాపు ఒకే వైపు చూస్తుంటాయి కాబట్టి తరంగంలోని రెండు రకాల ఊపుల్లో ఒకటే బాగా అందుతుంది. రెండోది అందాలంటే వేరే దిక్కుగా నిలబడ్డ డిటెక్టర్ కావాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించిన లైగో-ఇండియా వస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. యాదృచ్ఛికంగా పడిన గ్లిచ్‌లు అన్ని చోట్లా ఒకేలా నటించడం కూడా అంత కష్టమవుతుంది.

ఆ రోజు డేటా ఇప్పుడు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. నాగార్జున యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివే విద్యార్థి అయినా, బెజవాడలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి అయినా ఆ ఉదయపు 32 సెకన్ల ముక్కను దించుకుని, పైథాన్‌లో కొద్ది వరుసలు రాసి, తంబుర మోతను తగ్గించి, గళ్ళ పటం గీయవచ్చు. సెకనుకు 4,096 చొప్పున లక్షా ముప్ఫై ఒక్క వేల అంకెలు, మామూలు లాప్‌టాప్‌కు క్షణాల పని. 7 గంటల 38 నిమిషాల 18 సెకన్ల దగ్గర, అడుగున, ఒక చిన్న వెలుగు కనిపిస్తుంది.